కూత

రాత్రి గీసిన గుండ్రాలు జల్లుకి చెరిగిపోయాయి.
తెల్లారి మళ్లీ గీశాను, ముప్పై నాలుగు.
మధ్యాహ్నం వంట లేక ఐదు నెలలుగా
బోర్లా పడుకున్న గంగాళాన్ని
మైదానమంతా మోసుకు తిరిగి
దాని అంచు చుట్టూ సున్నం పోశాను.
గుండ్రానికీ గుండ్రానికీ మధ్య ఆరడుగులు,
పురికొస ముడి సాక్షి.

ఇదే సున్నంతో ఇరవై రెండేళ్లు
కబడ్డీ గీతలు గీసినవాణ్ణి.
"ముట్టుకుంటే ఔటు! ఊపిరొదిలితే ఔటు!"
విజిల్ ఊది అరిచింది ఈ నోరే.
ఆటకే అనుకున్నాను ఆ రూలు.

పోస్టులో పంపితే పోలా, అన్నాడు లెక్కల మాస్టారు.
తప్పేం లేదు.
కానీ ఏ పిల్ల పేరు ఎక్కడ సాగదీసి పిలవాలో
పోస్టుమానుకేం తెలుసు.

సర్క్యులర్ ఒడియాలో వచ్చింది.
పాఢీ హెడ్మాస్టరు మాస్కులోంచి చదువుతుంటే
కళ్లద్దాలు మసకేసి రెండో పేరా దగ్గర ఆగిపోయాడు,
తుడుచుకుని మళ్లీ మొదటినుంచీ:
పందిరి వద్దు. పాట వద్దు. దండలు వద్దు.
ఇంటికొక్కరే, అదీ గోడ అవతల.
సర్టిఫికెట్ చేతికివ్వకూడదు, బల్ల మీద పెట్టాలి.
మార్కులు ఇంగ్లీషులో, ఆంక్షలు ఒడియాలో,
పేర్లు పిలవడం ఒక్కటే మిగిలింది తెలుగుకి.
పర్లాకిమిడిలో మా బడి వాటా ఎప్పుడూ అంతే,
అయినా గొంతు పెద్దది.

అప్పలకొండ జ్వరం తుపాకీ గురిపెడితే
ఢిల్లేశు రెండు చేతులూ పైకెత్తాడు దొంగలా.
నవ్వారు, కళ్లతో.
ఎవడికి మీసం మొలిచిందో
ఈ ఏడు నాకు తెలియకుండానే పోయింది.

కొమ్ము చెక్కే మహారణా ముసలాయన
సంత లేదు, కొనే యాత్రికుడు లేడు,
ఊరికే కూచోలేక చేశానంటూ
గోడ మీదుగా సంచీ దించాడు.
ముప్పై నాలుగు నల్ల చేపలు, వేలెడేసి.
శానిటైజరులో ముంచి ఆరబెట్టాం.
చేపలు కదా, ఏమీ అనలేదు.

పిలిచాను.
మజ్జి లోలాక్షి. గొమాంగో సునామి.
తూలుగు ఢిల్లేశ్వరరావు.
ఒక్కొక్కరే గీత దాటి, బల్ల దాకా నడిచి,
కాగితమూ చేపా తీసుకుని
మళ్లీ తమ సున్నాలోకే వచ్చి నిలబడ్డారు.
గోడ మీంచి ఒకమ్మ ఫోను ఎత్తి పట్టుకుంది,
చినుకు మొదలైనా దించలేదు.
చప్పట్లు దూరందూరంగా పడ్డాయి,
పెంకుల మీద ఆ చినుకుల్లాగే.

ముప్పై నాలుగోది ఖాళీ.

బలగ హైమావతి పాతపట్నం అవతలి పిల్ల.
సైకిలు మీద రోజూ రాష్ట్రం దాటేది,
దాటానని కూడా తెలియకుండా.
మార్చి నుంచి అక్కడ వెదురు గడ అడ్డం.

సాయంత్రం డబ్బాలో సున్నం పట్టుకుని
చెక్‌పోస్టుకి పోయాను.
గడ కింద తారు మీద గీశాను,
సగం ఇటు, సగం అటు.
రెండు వైపుల కానిస్టేబుళ్లూ చూసి ఊరుకున్నారు.
కాగితం పెట్టి, ఎగరకుండా చేపని పెట్టి,
ఆరడుగులు వెనక్కి నడిచి
ఇంటిపేరుతో సహా పిలిచాను.
లారీలవాళ్లు తిరిగి చూశారు.

వచ్చింది. తీసుకుంది.
ఆషాఢంలో జ్వరమొచ్చి తగ్గిందట,
మామ్మకి తగ్గలేదట.
"కూత నిలవట్లేదు సార్" అంది.

ముప్పై లెక్కపెట్టినా తెగని కూత ఆ పిల్లది.
జిల్లా పోటీల్లో అవతలి జట్టు
ఆ కూతకే వెనక్కి జరిగేది.

"పెట్టు, చూద్దాం" అన్నాను.
మాస్కు వెనక, వెదురు అవతల,
కబడ్డీ కబడ్డీ కబడ్డీ
బట్ట సన్నగా వణికింది, ఆగింది.
గడియారం చూసి పదమూడు అన్నాను.

తొమ్మిది.

ఇంటికొచ్చి సబ్బు పట్టాను,
చెప్పినట్టే ఇరవై లెక్కపెడుతూ.
గోళ్లలో సున్నం పోలేదు.
మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.